గోడమీది పొరుగువారు

సామెతల గ్రంథము 30వ అధ్యాయమున, మిక్కిలి చిన్నవయ్యును జ్ఞానముగల నాలుగు జీవులలో బల్లియు నొకటిగా జెప్పబడినది. అది రాజగృహములందుండునట. మా వసతిగృహమునందును బల్లులకు గొదువలేదు.

మా గది గోడలకు నాలుగు పటములుండెడివి. బల్లులు పగలెల్ల వాని వెనుక దాగియుండి, దీపము వెలిగింపగనే వెలికివచ్చి పురుగులను దినుచుండెడివి. ఒకదాని జోలికి వేఱొకటి అంతగా బోయెడిది కాదు.

వేసవిలో సున్నము కొట్టుటకై పటములు దీసి, గోడల బీటలు పూడ్చివేసిరి. బల్లులు మాత్రము పోలేదు. వానికి మిగిలినది తలుపుపైనున్న సందు ఒక్కటియే. నాటినుండి కలహము మొదలయ్యెను. పెద్ద మగబల్లి యొకటి ఆ సందునే గాక దీపము చెంతను గూడ నాక్రమించి, దరికివచ్చిన వానినెల్ల దఱిమెడిది. ఒక చిన్నబల్లి తోక పోగొట్టుకొనెను. బల్లి తోకలో గొవ్వు నిలువయుండును. కావున దాని ప్రాణము దక్కినను దాచుకొన్న కూడు పోయినది.

ఒకరాత్రి అట్లు తఱుమబడిన బల్లి నా మిత్రుని భుజముపై బడెను. మఱునాడు లెక్కల పరీక్ష. అతడు బల్లిశాస్త్రమును దలచుకొని తెల్లవాఱులు నిద్రపోలేదు. నేను నవ్వితిని. అది నా తప్పు; కారణము దెలిసికొని చెప్పవలసినది.

పిమ్మట మా సైన్సు ఉపాధ్యాయుల నడిగితిని. ఇరుకున జిక్కి, దాగుటకు జోటులేని బల్లి రక్తమున కార్టికోస్టెరోన్ అను హార్మోను హెచ్చుననియు, అది కొంతసేపైనచో బరుగెత్తుటకు శక్తినిచ్చుననియు, దినములతరబడి నిలిచినచో బెరుగుదలను, సంతానమును, రోగనిరోధక బలమును దగ్గించుననియు వారు చెప్పిరి. అమెరికాలోని ఆనోల్ అను పచ్చని బల్లులలో, ఓడి లోబడి బ్రదుకు మగవానియందు ఈ హార్మోను హెచ్చుగా నుండునని 1984లో బ్రకటించిరట. అట్టివి పచ్చదనము వీడి గోధుమవన్నె దాల్చునట.

మేము పటములను మరల దగిలించితిమి. ఒకచోట గాక, గోడకొక్కటిగా. ఒక్క బల్లి నాలుగింటిని గావలి కాయజాలదు గదా! బల్లుల సంఖ్య తగ్గలేదు గాని, వారము దినములలో బోరు తగ్గెను. నా మిత్రునితో నంతయు జెప్పితిని. “అయినచో నాపై బడినది శకునము కాదు, ఇల్లులేని ప్రాణి,” యని యతడనెను.

ఈ యేడు మా గదికి మఱి యిద్దఱు విద్యార్థులు వచ్చిరి. వారి పేళ్లడుగుటకు ముందే, పెట్టెలు పెట్టుకొనుటకు వారికి చెఱియొక మూల చూపితిమి.