బంతియాటయు, పట్టుచీరయు

పట్టుచీరలు కొనుటకై బయలుదేరినవారు బంతియాటను గూర్చి వ్రాయుట చూచి మీరు నవ్వుకొందురేమో. మొదట మేమును అట్లే నవ్వుకొంటిమి. 2025వ సంవత్సరము శ్రావణమాసములో మా యింట నొక పెండ్లి నిశ్చయమయ్యెను. చీరలు ధర్మవరమునందే కొనవలెనని మా వదినగారి పట్టుదల. ఆమెయు, కళాశాలలో చదువుకొనుచున్న మా మేనకోడలును, మేమును ముగ్గురము కలిసి, మొదట హిందూపురములో బంధువుల యింట దిగి, పిమ్మట పెనుకొండ చూచుకొని, ధర్మవరము చేరుదమని యేర్పాటు చేసికొంటిమి. ఈ మూడు ఊళ్లును నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ వరకు అనంతపురము జిల్లాలో నుండెడివి.

హిందూపురము వర్తకమునకు పేరుపొందిన యూరు. బెల్లము, చింతపండు, పట్టుగూళ్లు ఇచ్చటి ముఖ్యమైన సరకులు. వీధిలో నాలుగడుగులు నడచునప్పటికి తెలుగు, కన్నడము, ఉరుదూ మూడును చెవిని బడును. బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్ల దూరమే యగుటచే ఇచ్చటి యువకులు పెక్కురు పనికై అచ్చటికి పోయి వచ్చుచుందురు. పోయినవారు జీతముతోపాటు అచ్చటి ముచ్చటలను గూడ మూట గట్టుకొని వత్తురు. ఆ ముచ్చటలలో ఫుట్‌బాలు ఒకటియని మాకు ఆ సాయంకాలము తెలిసినది.

మా బంధువుల యింటి యరుగున కెదురుగా ఒక టీకొట్టు కలదు. దీపాలవేళ మేము అరుగుమీద కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచుండగా, ఆ కొట్టు ముందర పదిమంది చేరి గొంతులు పెంచిరి. ఏదో తగవని మేము భయపడితిమి. తీరా వినగా, రాబోవు పోటీలలో బెంగుళూరు జట్టులో ఎవరిని ఉంచవలెను, ఎవరిని తీసివేయవలెను అను చర్చ! సునీల్ ఛెత్రీకి 41 యేండ్లు నిండినవి, ఇక పిన్నవాండ్రకు చోటీయవలెనని ఒకడనును. క్రిందటి పోటీలలో 14 గోలులు వేసినవానిని తీసివేయుమను నోరు నీ కెట్లు వచ్చెనని మరియొకడు. ఏప్రిల్ నెలలో జరిగిన ఆఖరి పందెమున మోహన్ బగాన్ చేతిలో 2–1గా ఓడిపోయిన దుఃఖము ఇంకను వారికి తీరలేదు.

"మళ్లీ డ్రాఫ్టు పెట్టితేనే బాగుపడుతుంది" అని ఒక కుఱ్ఱవాడనెను. డ్రాఫ్టనగా నేమని మా వదినగారు అడిగిరి. మా మేనకోడలు చెప్పినది: సంఘములవారందరు ఒకచోట కూడి, వంతులు వేసికొని, తమకు వలసిన ఆటగాండ్రను పేరుపేరున ఎన్నుకొను పద్ధతి యట. ఇండియన్ సూపర్ లీగు పుట్టిన 2014లోను, మరల 2017లోను ఇట్లు జరిగినది.

"అయితే అది పెండ్లిచూపులవంటిదే!" అనిరి వదినగారు.

"అవును గాని, ఇందులో చూచుకొనునది మగపిల్లలను" అని మేనకోడలు నవ్వెను.

ఎన్నిక సంగతి యటుండగా, అసలు పోటీలు జరుగునా యను సందేహమే వారిని ఎక్కువగా బాధించుచుండెను. లీగు నిర్వాహకులకును అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్యకును గల ఒప్పందము డిసెంబరుతో ముగియనుండుటచే, జూలై 11న రాబోవు పోటీలను నిలిపియుంచిరి. ఆగష్టు మొదటి వారములో బెంగుళూరు సంఘమువారు తమ ప్రధాన జట్టువారి జీతములను సైతము నిలిపితిమని ప్రకటించిరి. 2022లో కప్పు గెలిచిన హైదరాబాదు సంఘము గతి యేమగునోయని మరికొందరు వగచిరి. వారి భయము వ్యర్థము కాలేదు. ఆ సంఘము ఆ యేడే ఢిల్లీకి తరలిపోయినది. అప్పుడొక వృద్ధుడు, ఉపాధ్యాయత్వము చేసి విరమించినవాడట, గొంతు సవరించుకొని చెప్పెను: "మీకేమి తెలుసు? 1956లో మెల్బోరన్ ఒలింపిక్కులలో మన జట్టుకు నాల్గవ స్థానము. 1962లో జకార్తాలో బంగారు పతకము. రెంటికీ గురువు మన హైదరాబాదు రహీం సాహెబు." అందరును తలలూచిరి.

అంతవరకు ఊరకున్న మా మేనకోడలు అరుగుమీదనుండియే అడిగినది: "తాతగారూ, మొన్న జూలై 5న థాయిలాండులో మన ఆడపిల్లలు గెలిచినారు గదా. వారి మాట ఎవరూ ఎత్తరేమి?"

టీకొట్టు ముందర ఒక నిమిషము సద్దు లేదు. ఒక పిల్లవాడు మెల్లగా, "ఆడవాళ్లకూ జట్టుందా?" అనెను. వాడు వెక్కిరించలేదు, నిజముగా వానికి తెలియదు. మాకును తెలియదు. అందుచే ఆ పిల్లవానిమీద మాకు కోపము రాలేదు.

మరునాడు పెనుకొండకు రైలులో పోవుచుండగా మేనకోడలిని అడిగి తెలిసికొంటిమి. ఆ జూలైలో మన జట్టు థాయిలాండును వారి గడ్డమీదనే 2–1గా ఓడించినదట. రెండు గోలులును బెంగాలు పిల్ల సంగీతా బాస్ఫోర్ వేసినది. ఆ గెలుపుతో 2026లో ఆస్ట్రేలియాలో జరుగు ఆసియా కప్పునకు మన జట్టు అర్హత సంపాదించినది. ఆ జట్టులో మన తెలుగుపిల్లయు కలదు. నిజామాబాదు ప్రాంతపు బంజారా కుటుంబమున బుట్టిన గుగులోతు సౌమ్య. ఆమె 2022లో క్రొయేషియా దేశపు సంఘమున చేరి ఆడివచ్చినది. మన స్త్రీల జట్టు 1983లోనే ఆసియాలో ద్వితీయ స్థానమును పొందినదని విని వదినగారు, "నలుబది యేండ్లనుండి ఆడుచున్నారా!" అని ఆశ్చర్యపోయిరి.

ఈ మరపు మన దేశమునకే చెల్లలేదు. ఇంగ్లాండులో 1920 డిసెంబరున లివర్‌పూలు పట్టణమున స్త్రీల పందెము చూచుటకు సుమారు 53,000 మంది వచ్చిరట. మరుసటి యేడే, ఈ యాట స్త్రీలకు తగదని చెప్పి, అచ్చటి ఫుట్‌బాలు సమాఖ్యవారు తమ క్రిందనున్న మైదానములలో వారిని ఆడనీయరాదని శాసించిరి. ఆ నిషేధము సుమారు ఏబది యేండ్లు నడచినది. అచ్చట ఒక కాగితము వ్రాసి మాన్పించిరి. మన దేశమున నట్టి కాగిత మవసరములేకయే ఆట యెట్లు మానుకొందురో పెనుకొండలో తెలిసికొంటిమి.

పెనుకొండ పేరు వినగానే విజయనగరము జ్ఞప్తికి వచ్చును. 1565లో రక్కసి తంగడి యుద్ధము ముగిసిన పిదప తిరుమలరాయలు రాజధానిని ఇచ్చటికే మార్చెను. కొండపై కోట గోడలు, ఊరిలో గగనమహలు నేటికిని ఉన్నవి. గగనమహలు మెట్లెక్కి చూడగా ఎండలో కొండబండలు మిలమిల మెరయుచుండెను. ఆ వైభవ మట్లుండగా, ఊరికి సమీపమున ఎఱ్ఱమంచి యొద్ద కొరియా దేశపు కియా కంపెనీవారి కార్ల కర్మాగారము 2019నుండి పనిచేయుచున్నది. అందుచే కొరియా లిపిలో వ్రాసిన బోర్డులు సైతము ఈ ప్రాంతమున కనబడును.

మధ్యాహ్నము భోజనమునకు ఒక చిన్న హోటలులో కూర్చుంటిమి. ప్రక్క బల్లవద్ద కర్మాగారపు యువకులు నలుగురు 2026లో 48 జట్లతో జరుగనున్న ప్రపంచ కప్పును గూర్చి వాదించుకొనుచుండిరి. కొరియా జట్టు జూన్ నెలలోనే అర్హత పొందినది, 2002లో నాల్గవ స్థానమునకు వచ్చినవారు మరల రాలేరా యని ఒకని వాదము. మా బల్లవద్ద చోటుండుటచే పనిదుస్తులతో నున్న ఒక చిన్నది మా యెదుట కూర్చుండెను. ఆమె అన్నము కలుపుకొనుచు ఆ వాదమును విని చిరునవ్వు నవ్వుచుండెను. నీకును ఈ యాట తెలియునా యని మేనకోడలు అడిగినది.

"తెలుసక్కా. నేనూ ఆడేదాన్ని, పదో తరగతి వరకు. గోలు కాడ నిలబడేది నేనే."

"మరి మానితివేమమ్మా? ఇంటిలో వద్దన్నారా?" అని మేమడిగితిమి.

ఆ చిన్నది కొంచెమాలోచించి చెప్పెను: "వద్దన్నోళ్లు ఎవరూ లేరమ్మా. పోయి రా అన్నోళ్లూ లేరు. ఇంటర్లో ఉన్నప్పుడు ఎంపికకు కడపకు పోవాలన్నారు. తోడు ఎవరొస్తారు? నాయనకు పని, అమ్మకు గొడ్లు. ఆ దినం దాటిపాయె. అంతే."

ఆ మాట చెప్పునప్పుడు ఆమె కన్నీరు పెట్టలేదు, ఎవరిని నిందింపలేదు. మజ్జిగ త్రాగి, చేయి కడిగికొని, పనివేళయైనదని లేచిపోయెను. ప్రక్క బల్లవద్ద వాదము ఇంకను నడచుచునే యుండెను.

ఆ సాయంకాలము ధర్మవరము చేరితిమి. ధర్మవరము పట్టుచీరల వెడల్పయిన జరీ అంచులను, ఎదురురంగు పైటచెంగులను మీరెఱుగుదురు. మేము అంగడికి పోక, తెలిసినవారి ద్వారా ఒక నేతవారి యింటికే పోయితిమి. ముందుగదిలో గుంతమగ్గము, ఇంటి యజమాని కాళ్లు గుంతలోనికి వ్రేలాడవిడిచి నేయుచుండెను. మగ్గము చప్పుడు నడుమ ఒక మూల అవ్వ కూర్చుండి పోగులు సరిచూచుచుండెను. పదునైదేండ్ల పిల్ల రాట్నముమీద కండెలు చుట్టుచుండెను. ఆ పిల్ల వెనుక గోడకు, దేవుని పటముల క్రింద, గాలి తీసిన బంతి యొకటి వ్రేలాడుచుండెను. మా మేనకోడలి దృష్టి చీరలమీద నిలువలేదు.

అడుగగా సంగతి తెలిసినది. పిల్ల పదవతరగతి చదువుచు బడిజట్టులో ముందువరుస నాడును. వచ్చు ఆదివారము అనంతపురమున ఎంపికలు. మూడు దినములు అచ్చటనే యుండవలెను. బడినుండి వచ్చిన చీటీమీద తండ్రి యింకను సంతకము పెట్టలేదు. మేము వచ్చుటచే, రెండు దినములనుండి ఆ యింట జరుగుచున్న చర్చ మరల మొదలయినది.

"మూడు దినాలు ఇది పోతే కండెలు ఎవరు చుట్టేది? పెండ్లిళ్ల కాలం" అని తండ్రి అనెను. అతడు కఠినుడు కాడు. మగ్గమాగినచో కూలి యాగును.

"ఎండలో తిరిగి నల్లబడింది. రేపు చూసేదానికి వచ్చినోళ్లు ఏమంటారు?" అని అవ్వ.

మా మేనకోడలు తనకు తెలిసినది చెప్పెను. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థవారు అనంతపురమున క్రీడాగ్రామమును కట్టి, పల్లెల బాలబాలికలకు ఫుట్‌బాలు మొదలగు ఆటలు నేర్పించుచున్నారనియు, స్త్రీలకును దేశమంతటికి ఒక లీగు 2017నుండి జరుగుచున్నదనియు వివరించినది. అవ్వ అంతయు విని, "ఆడితే అన్నం పెడతారా?" అని యొక్క ప్రశ్న వేసెను. మేనకోడలు అబద్ధమాడలేదు. "అందరికీ పెట్టరవ్వా. కొందరికి పెడతారు. పోకపోతే మాత్రం ఎవరికీ పెట్టరు" అనెను.

మాకు హిందూపురపు టీకొట్టు జ్ఞప్తికి వచ్చినది. ఎవరి నుంచవలెను, ఎవరిని తీసివేయవలెనని అచ్చట పదిమంది గొంతులు చించుకొనిరి. వారి మాటవలన ఏ ఆటగానికిని చోటు రాదు, పోదు. ఇచ్చట నలుగురు మెల్లగా మాటలాడుకొనుచున్నారు. వీరి మాటవలననే ఒక పిల్ల ఆట నిలుచుటయో పోవుటయో తేలును. ఆ పిల్ల మాత్రము తల యెత్తక కండెలు చుట్టుచునే యుండెను. రాట్నము మాత్రము ముందటికంటె వేగముగా తిరుగుచున్నట్లు మాకు తోచినది.

ఇంతసేపును తల్లి నోరు విప్పలేదు. ఒక్కొక్క చీరను మా ముందర విప్పి చూపుచు, మరల మడత పెట్టుచుండెను. వదినగారు వంగపండురంగు చీరకు పసుపు అంచుదానిని ఏరుకొనిరి. వెల తేలినది. తల్లి ఆ చీరను మడిచి కాగితములో చుట్టుచు, తల యెత్తకయే భర్తను అడిగెను: "అనంతపురం బస్సు పొద్దున్నే ఎన్నింటికుంది?"

మగ్గము చప్పుడు ఆగినది.

"నేను పోతా దాంతో. కండెలు రాత్రులు కూర్చుని ముందే చుట్టి పెడతాలే" అని ఆమె పొట్లమునకు దారము బిగించెను. అవ్వ మరి మాటలాడలేదు. తండ్రి చీటీ యెక్కడ పెట్టితివని కూతురిని అడిగెను. ఆ పిల్ల లేచిన వేగము చూచి మా వదినగారు నవ్విరి. చీటీ బంతి వెనుకనే దాచియుండెను.

ఆ పిల్ల ఎంపికయైనదో లేదో మాకు తెలియదు. మేము మరునాడే తిరిగి వచ్చితిమి. హిందూపురము టీకొట్టువారు వేచియున్న పోటీలు ఆ యేడు వాడుక ప్రకారము మొదలు కాలేదు. పెనుకొండ చిన్నది చెప్పిన మాట మాత్రము మమ్ము విడువలేదు. సోదరీమణులారా, మీ యింటికిని ఒకనాడు బడినుండి అట్టి చీటీ రావచ్చును. వద్దనకుండుట మంచిదే గాని, అది చాలదు. పిల్లకు తోడు ఎవరు పోవుదురో ఆ రాత్రియే తేల్చుకొనుడు.

మా యింటి పెండ్లికూతురు ఆ వంగపండు చీరనే కట్టుకొనెను. అందులోని పోగులు ఆ పిల్ల చుట్టిన కండెలలోనివే.