తాగినవాడు దేవదాసు ఎప్పుడవుతాడు?



ఈసారి రాక్‌స్టార్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. నందిగామలో తెలుగు చెప్పుకునేవాడికి గిటారు సంగతులెందుకు అనిపించొచ్చు. మా డిగ్రీ పిల్లల మధ్య ఒక్క పూట కూర్చుంటే ఎందుకో తెలుస్తుంది. దేవిశ్రీప్రసాద్ పేరు ముందు ఆ మాటే. బాగా పాడినవాడు రాక్‌స్టార్, సిక్సర్ కొట్టినవాడు రాక్‌స్టార్, లెక్చరర్‌కి ఎదురు చెప్పి క్లాసులోంచి బయటికి నడిచినవాడూ రాక్‌స్టారే. అంటే అది వృత్తి పేరు కాదు, ఒక పాత్ర పేరు. కథల్లో, సినిమాల్లో తయారై మన పిల్లల ఒంటిమీదికి చొక్కాలాగా వచ్చిన పాత్ర.

ఆ పాత్ర గుర్తులు మీకూ తెలుసు. విద్య పుట్టుకతోనే వస్తుంది, సాధన చేస్తుండగా మనం చూడం. ఎవరి మాటా వినడు. ప్రేమలో దెబ్బ తింటాడు. తాగుతాడు. తాగి ఎవరిని ఏమన్నా లోకం సర్దుకుంటుంది, ఎందుకంటే వాడు జీనియస్. చివరికి చిన్న వయసులో పోతాడు, లేకపోతే ఒక ఆడమనిషి ఓర్పు వల్ల బతికి బయటపడతాడు. హాలీవుడ్‌లో ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ కథని 1937లోనూ 1954లోనూ తీసినప్పుడు, తాగి పతనమయ్యే మగవాడు సినిమా నటుడు. 1976లో మళ్ళీ తీసినప్పుడు అతన్ని రాక్ గాయకుణ్ణి చేశారు. 2018లోనూ గాయకుడే. 2011లో వచ్చిన హిందీ ‘రాక్‌స్టార్’లో కుర్రాడికి ఒకాయన చెప్తాడు, గుండె పగలకపోతే సంగీతం రాదని. వాడు గుండె పగలగొట్టుకోవడానికే బయల్దేరతాడు.

తెలుగులో రాక్ సంగీతం పెద్దగా లేదు. ‘శంకరాభరణం’ (1980)లో పాశ్చాత్య సంగీతం పాడే కుర్రాళ్ళు శాస్త్రిగారి చేత బుద్ధి చెప్పించుకోవడానికే వస్తారు. కానీ ఆ పాత్ర మనకి గిటారు లేకుండానే ముందు నుంచీ ఉంది. 1953లో దేవదాసు. 1983లో ‘సాగర సంగమం’ బాలకృష్ణ, గొప్ప నాట్యకారుడు, సీసాకి బందీ. తాగి బావి గట్టు మీద నాట్యం చేసే ఆ సన్నివేశం చూసి మూడు తరాలు కన్నీళ్ళు పెట్టుకున్నాయి. 2017లో అర్జున్ రెడ్డి. పాడడు, ఆడడు, ఆపరేషన్లు చేస్తాడు. అయినా గడ్డం నుంచి గ్లాసు దాకా అంతా అదే పాత్ర.

ఇప్పుడు మనవాళ్ళు అడగాల్సిన ప్రశ్న అడుగుతాను. వీళ్ళు ఎవరి పిల్లలు? దేవదాసు జమీందారు కొడుకు. అర్జున్ ఇంటిపేరు కాదు, కులం పేరే సినిమాకి పేరు. బాలకృష్ణ పేదవాడే, కానీ అతని చేతిలో ఉన్నది శాస్త్రీయ నాట్యం, సభా మర్యాద ముందే ఉన్న కళ. వీళ్ళు తాగితే అది విషాదం. తెర మీద వాళ్ళ తాగుడికి వయొలిన్లు వాయిస్తారు. శ్రీశ్రీ తన తాగుడు గురించి ‘అనంతం’లో తానే దాచకుండా రాసుకున్నాడు. మహాకవి బిరుదుకి దానివల్ల ఏ లోటూ రాలేదు, రానక్కర్లేదు కూడా.

మరి అదే తెర మీద దళిత కళాకారుడు ఎలా ఉంటాడు? ‘సప్తపది’ (1981) చూడండి. హరిబాబు వేణువు వాయిస్తాడు. ‘హరిజనుడు’ అని సినిమాయే చెప్తుంది. ఒక్క మాట తూలడు, ఒక్క తప్పు చేయడు, గొంతు పెంచడు. తలుపు బయటే నిలబడి, లోపలివాళ్ళ మనసు మారేదాకా ఎదురుచూస్తాడు. ఆ సినిమా మంచిదే, ఆ రోజుల్లో ధైర్యమైనదే. కానీ షరతు గమనించండి. దేవదాసుకి సగం జీవితం తగలెయ్యడానికి అనుమతి ఉంది, హరిబాబుకి చొక్కా మడత నలగడానికి కూడా లేదు. ఒక కులంవాడు తప్పు చేస్తే అది అతని వ్యక్తిత్వం, మనవాడు చేస్తే అది కులం బుద్ధి. 2020లో వచ్చిన ‘పలాస 1978’ జానపద కళాకారుల ఇంటి పిల్లల్ని కోపంతో, తప్పులతో మనుషులుగా చూపించడం అందుకే నాకు పెద్ద విషయంగా తోచింది.

ఇది సినిమాల గొడవ మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మా నేల మీదే నిజంగా అలాంటి మనిషి ఒకడు నడిచాడు. నందిగామ దాటి బెజవాడ వైపు పోతే హైవే మీద కంచికచర్ల. 1968లో అక్కడ కోటేశు అనే దళిత యువకుడికి దొంగతనం అంటగట్టి, కట్టేసి, సజీవంగా తగలబెట్టారు. ఆ ఊరి బిడ్డే కలేకూరి ప్రసాద్. కోటేశుని చంపిననాటికి చిన్నపిల్లాడు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఎగసిన దళిత ఉద్యమం గొంతుల్లో ఒకడయ్యాడు. ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ కవితలో కోటేశు ఉన్నాడు. కట్నం చావుల మీద ఆయన రాసిన కర్మభూమి పాట ‘శ్రీరాములయ్య’ సినిమాలోకి ఎక్కి, ఎవరు రాశారో తెలియనివాళ్ళ నోళ్ళలో కూడా తిరిగింది. కవి, గాయకుడు, విమర్శకుడు, పదుల కొద్దీ పుస్తకాలు తెలుగు చేసిన అనువాదకుడు. ఇల్లూ వాకిలీ పట్టించుకోలేదు. తాగాడు. 2013 మే 17న ఒంగోలులో కన్నుమూశాడు. అప్పటికి యాభై ఏళ్ళ దరిదాపుల్లో ఉన్నాడు.

పైన రాసిన గుర్తులన్నీ ఆయనకి పెట్టి చూడండి. ఒక్కటీ తప్పదు. అయినా ఆయన్ని ఎవరూ దేవదాసు అనలేదు. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఒక సెమినార్‌లో ఆయన పేరెత్తితే, ఒక పెద్దాయన చిన్నగా నవ్వి ‘మంచి చెయ్యి, కానీ మనిషి...’ అని చేత్తో గ్లాసు ఎత్తినట్టు చూపించాడు. అదే పెద్దాయన అంతకు గంట ముందు ఒక అగ్రకుల కవి రాత్రి జల్సాల గురించి మురిసిపోతూ చెప్పాడు. హాలంతా నవ్వింది. రెండు నవ్వులూ ఒకటి కాదు.

అది బయటివాళ్ళ సంగతి. లోపలి సంగతి ఇంకా కష్టం.

మా క్లాసులో ఒక పిల్లవాడున్నాడు. గొంతు విప్పితే కారిడార్‌లో వెళ్ళేవాళ్ళు ఆగుతారు. అంబేడ్కర్ జయంతికి, పెళ్ళిళ్ళకి, పెనుగంచిప్రోలు తిరునాళ్ళ రోజుల్లోనూ వాడికి పిలుపులొస్తాయి. ఈ ఏడు సగం క్లాసులకి లేడు. వచ్చిన రోజు కూడా దగ్గరికొస్తే వాసన. వాళ్ళమ్మ మిరపకోతలకి పోతూ ఒక పొద్దున కాలేజీ గేటు దగ్గర ఆగింది. ‘సారూ, నీ మాటైతే ఇంటాడు, కాస్త చెప్పు నాయనా’ అంది. ఆలస్యమైతే ఆటో వెళ్ళిపోతుందని ఆ ఒక్క మాట చెప్పి పరుగెత్తింది.

సాయంత్రం జగ్గయ్యపేట బస్సులో వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

‘ఏంరా, పరీక్షలు రాసే ఉద్దేశం ఉందా?’

‘కలేకూరి కూడా తాగేవాడు కదా సార్. అట్టా ఉండబట్టే అట్టా రాశాడు.’

‘ఆయనవి ఏం చదివావు?’

‘పిడికెడు ఆత్మగౌరవం సార్. నోటికొచ్చు.’

‘ఇంకా?’

చిల్లకల్లు వచ్చేదాకా వాడు కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. వాడికి కలేకూరి తాగుడు గురించి పది కథలు తెలుసు, రాసినవాటిలో ఒక్కటి తెలుసు. ఆ పది కథలూ చెప్పింది శత్రువులు కాదు, మనమే. సభ అయిపోయాక టీ కొట్టు దగ్గర మనం చెప్పుకునే కథలు అవే.

నేను వాడికి మా తాత సంగతి చెప్పాను. మా తాత డప్పు కొట్టేవాడు. చావుకి ఒక దెబ్బ, జాతరకి ఒక దెబ్బ, చాటింపుకి ఒకటి. కర్ర చట్రానికి తోలు బిగించి, చింతగింజల బంకతో అంటించి, మంట దగ్గర కాచి శ్రుతి పట్టుకోవడం, ఒక చేత సిర్ర, ఇంకో చేత చిటికెనపుల్ల ఆడించడం రక్తంలో రాలేదు. చిన్నప్పటి నుంచి వేళ్ళు వాచేలా నేర్చుకుంటే వచ్చింది. ఊళ్ళో చావైతే కబురొచ్చేది. పోగానే ముందు సారా పోసేవాళ్ళు. డబ్బులు తర్వాత చూద్దాంలే అనేవాళ్ళు. ఆ తర్వాత ఎప్పుడో వచ్చేది కాదు. సారా ఆయన తిరుగుబాటు కాదు, ఆయనకి ఎగ్గొట్టిన కూలి. పోసినవాళ్ళే మర్నాడు ‘ఆ పల్లెలోవాళ్ళింతే, తాగుబోతు నాయాళ్ళు’ అనేవాళ్ళు.

దేవదాసు సీసాకీ మా తాత సీసాకీ తేడా ఇక్కడుంది. దేవదాసు తన ఆస్తి తాగాడు. మా తాత చేత తన కూలి తాగించారు. ఇప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో మన పిల్లాడికి మైకుతో పాటు సీసా అందిస్తున్నవాళ్ళు ఆ పాత లెక్కనే కొనసాగిస్తున్నారు. మధ్యలో సినిమా వచ్చి దానికి రాక్‌స్టార్ అని పేరు పెట్టడంతో, మోసం మన పిల్లాడికి గౌరవంలా కనబడుతోంది.

ఇది మన ఒక్కళ్ళ కథ కాదు. రాక్ సంగీతం పుట్టింది అమెరికా నల్లవాళ్ళ బ్లూస్‌లోంచి. మిసిసిపీకి చెందిన రాబర్ట్ జాన్సన్ 1936, 1937లలో 29 పాటలు రికార్డు చేసి, 1938లో 27 ఏళ్ళకే చనిపోయాడు. నాలుగు దారుల కూడలిలో దెయ్యానికి ఆత్మ అమ్ముకుంటే ఆ వాయిద్యం అబ్బిందని కథ పుట్టింది. కథ బాగుంటుంది. కానీ అది ఏం చేసిందో చూడండి. నల్లవాడి చేతి సాధనని దెయ్యం ఖాతాలో రాసింది. ‘వీళ్ళకి దరువు పుట్టుకతోనే వస్తుంది’ అని మన గురించి అనేవాళ్ళు చేసేదీ ఇదే. బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని 1952లో ‘హౌండ్ డాగ్’ రికార్డు చేసింది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడాక ఆ పాట అతని పాటగా లోకమంతా తిరిగింది. దరువు ఒకరిది, స్టార్ ఇంకొకరు. మన దగ్గరా కిన్నెర మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది, ‘భీమ్లా నాయక్’ పాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది. రెండేళ్ళకే ఆయన కూలి పనికి పోతున్న వార్త అందరం చదివాం. ఆ మనిషిని రాక్‌స్టార్ అని ఎవరూ పిలవలేదు.

ఇంకో మాట. తాగొద్దని చెప్తే ‘సార్ బ్రాహ్మణ నీతులు చెప్తున్నాడు’ అనే తమ్ముళ్ళున్నారు. తమ్ముళ్ళూ, ఈ మాట మొదట చెప్పింది ఏ మఠమూ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా దుకాణం మీదికి వెళ్ళింది కూలి చేసుకునే ఆడవాళ్ళు. చదువు నేర్చుకుంటూ మాట్లాడుకున్నారు, మాట్లాడుకుంటూ కదిలారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది వాళ్ళ వల్ల. రాక్‌స్టార్ కథలో ఆడమనిషికి రెండే పనులు, గుండె పగలగొట్టడం, తర్వాత అతికించడం. దూబగుంట ఆడవాళ్ళు ఆ రెండూ చేయమన్నారు. మా పిల్లవాడి తల్లి మిరపచేలో నడుం వంచి తెచ్చిన డబ్బు సెమిస్టరు ఫీజు అవుతోంది. వాడి విషాదంలో ఆమెకి పాట లేదు, డైలాగు లేదు, బిల్లు మాత్రం ఆమెదే.

కలేకూరిని కడిగి, ఇస్త్రీ చేసి హరిబాబులా నిలబెట్టమని నేను అనడం లేదు. ఆయన తాగుడు దాచక్కర్లేదు. తప్పులున్న మనిషిగా, గొప్పవాడిగా ఒకేసారి ఉండే హక్కు శ్రీశ్రీకి ఎంతుందో ఆయనకీ అంతే ఉంది. నేను అనేది ఒక్కటే: ఆయన తాగుడు వల్ల రాయలేదు, తాగుతూ కూడా రాశాడు. రాత్రి సీసా చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. పరాయి భాష పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పేజీ తర్వాత పేజీ, మాట దొరకక ఆగి, దొరికాక రాసిన గంటల్ని మనం కథగా చెప్పుకోలేదు. మనకున్న మేధావి యాభై ఏళ్ళ దగ్గర ఆగిపోతే ఆ తర్వాత రావాల్సిన పుస్తకాలు మనకి రాలేదు. అది సౌందర్యం కాదు, నష్టం.

మా కుర్రాడు మారాడని ఇక్కడ రాస్తే మీకు బాగుంటుంది. అబద్ధం రాయలేను. పోయిన వారం మూడు రోజులు వచ్చాడు, రెండు రోజులు రాలేదు. లైబ్రరీలో లేకపోతే నా దగ్గరున్న కలేకూరి పుస్తకం ఒకటి ఇచ్చాను. వెనక్కి ఇంకా రాలేదు, చదువుతున్నాడనే అనుకుంటున్నాను.

మిమ్మల్ని అడిగేది ఇదీ. వచ్చే మే 17న మీ ఊళ్ళో, మీ హాస్టల్లో కలేకూరిని తలుచుకుంటే, ఆయన తాగిన కథ ఎవరూ చెప్పొద్దు. ప్రతి ఒక్కరూ ఆయన రాసినదో తెలుగు చేసినదో ఒక పేజీ తెచ్చి చదవండి. డప్పు కొట్టే తమ్ముణ్ణి పిలిస్తే డబ్బు ముందే చేతిలో పెట్టండి, రొక్కంగా. సీసా ఇవ్వొద్దు.

జై భీమ్.