లందలోంచి తీసిన గడియారం

సాల్వడార్ డాలీ 1931లో వేసిన గడియారాల బొమ్మ గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట. ఎండకు కరిగే కామెంబేర్ చీజ్‌ను చూసి ఆ మెత్తటి గడియారాలు తట్టినయట. డాలీయే చెప్పుకున్నడు గనక కాదనలేం. కానీ చీజ్ మొహం ఎరగని మాదిగవాడల పుట్టినోనికి ఆ బొమ్మ చూస్తే ఏం యాదికొస్తదో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

మా తాత లంద నడిపిండు. పచ్చితోలును సున్నంల నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క నీళ్ళల్ల ఊరేసి, తీసి చెట్టుకొమ్మ మీద వేసేటోడు. డాలీ బొమ్మలో ఎండిన కొమ్మ మీద జారిపోయిన గడియారం నాకు అదే.

నేను బడిపంతుల్ని. సోషల్ చెబుతాను. ముప్పై దాటినంక నీటిరంగులు నేర్చుకుందామని ఈ బొమ్మనే ఎంచుకున్నాను. అసలుది నూనెరంగుల బొమ్మ. 1934 నుంచి న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉంది. కొలత చూస్తే 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు. మా హాజరుపట్టీ అంత! నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది.

నూనెరంగుల్లో తెలుపును పైన పూసుకోవచ్చు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే, ముందే విడిచిపెట్టుకోవాలి. ఈ బొమ్మలో ఆకాశం పైన నీలం, సముద్రం దగ్గరికొచ్చేసరికి పసుపు. రెండూ తడిమీద కలిస్తే ఆకుపచ్చ అయి కూసుంటది. అందుకని అట్టను తలకిందులు చేసి, సముద్రం గీత దగ్గర పసుపు మొదలుపెట్టి, నీళ్ళతో పలచన చేసుకుంటూ పోయి, పూర్తిగా ఆరనియ్యాలి. తర్వాత అట్టను మళ్ళీ తిప్పి పైనుంచి నీలం దించాలి. అట్ట కొంచెం వాలుగా ఉంటే కుంచె కింద నీటిచార నిలబడుతది. అది తెగకముందే కిందికి లాక్కుపోవాలి. పలచటి కాగితం ముడతలు పడుతది. 300 జి.ఎస్.ఎం. కాగితాన్ని నాలుగు దిక్కులా టేపు వేసి అట్టకు అతికిస్తే ఆగుతది.

నీళ్ళంటే ఇంకో ముచ్చట. నేను చదివిన బడిలో కుండ ముట్టనిచ్చేటోళ్ళు కాదు. దోసిలి పడితే పైనుంచి పోసేటోళ్ళు. వాళ్ళు పోసినంతే తాగాలె. ఇప్పుడు రెండు గ్లాసుల నీళ్ళు పెట్టుకుని, ఒకదాంట్ల కుంచె కడుగుతూ, ఒకదాంతో రంగు కలుపుతూ, ఎంత కావాలంటే అంత నేనే తీసుకుంటున్న.

స్టాఫ్‌రూంలో ఒకాయన చూసి, "ఏం సార్, అంబేద్కర్ బొమ్మ వేసుకోక మీకీ పిచ్చిబొమ్మ ఎందుకు?" అన్నడు. బాబాసాహెబ్ మా ఇంటి గోడ మీదనే ఉన్నడు. ఆయనను చూసే చదువుకున్నం. మేం ఏం గీయాలో కూడ వీళ్ళే పంచిపెడతరా? కలలు గనుడు కూడ ఓపెన్ కోటాలనే ఉన్నదా?

అసలు డాలీ మాత్రం గాలిలో బొమ్మ కట్టలేదు. వెనక ఉన్న కొండరాళ్ళు స్పెయిన్‌లో కాటలోనియా తీరానివి, కాప్ డి క్రెయూస్ రాళ్ళు. తను పుట్టిన సీమ రాళ్ళను కుదురుగా నిలబెట్టుకున్నంకనే గడియారాలను కరిగించిండు.

నాయినకు చూపెట్టిన. కళ్ళద్దాలు సవరించుకుని చూసిండు.

"గిది తోలే గదరా. దీనికి అంకెలెందుకు?"

గడియారమని చెప్పిన. ఆయన పట్టించుకోలే.

"ఊరిన తోలు గింత బిర్రుగుండది బిడ్డా. నీళ్ళన్నీ కింది అంచుకు దిగుతయి. బరువంతా ఆడ ఉండాలె."

నీటిరంగు గుణమే అది. తడి ఆరకముందే అట్ట నిలబెడితే రంగు కిందికి జారి అంచున చిక్కగా ఆరుతది. డాలీ సన్నకుంచెతో నునుపుగా మలిచిన చోట నాకు నీళ్ళే పనిచేసి పెట్టినయి. నాయిన తలూపిండు. నారింజ గడియారం మీద చీమలెందుకున్నయో అడగలే. ఇంకో గడియారం మీది ఈగను చూసి మాత్రం నవ్విండు.

చెట్టు ఇంక వెయ్యలే. నీటిరంగుల్లో ముదురు రంగులు ఆఖరుకే. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపి చిక్కటి నల్లరంగు తయారుగా పెట్టుకున్న. అది ఆలివ్ చెట్టని చెప్పిన. తడితోలు బరువును ఆ కొమ్మ ఆపుతదా అని నాయిన అడుగుతున్నడు.