మొగం తెలియాల సామీ!

తిరుపతికి వెళ్తే ఏడుకొండలవాడిని చూసి వస్తాం. మరి దారి పొడవునా మనల్ని చూస్తుండే కళ్ల సంగతి? అలిపిరి మెట్ల దగ్గర మొదలుపెట్టి తిరుమల, వికృతమాల, చిత్తూరు బజారు వీధి... నిఘా కెమెరాల వెంట ఒక చుట్టు చుట్టి వద్దాం రండి.

తెల్లవారి అయిదున్నర. అలిపిరి పాదాల మండపం దగ్గర అప్పటికే సందడి మొదలైంది. శ్రీవారి పాదుకలు తలమీద పెట్టుకుని కొందరు ప్రదక్షిణ చేస్తున్నారు. మొదటి మెట్టుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తోంది ఒకావిడ. ఆమెకింకా 3,549 మెట్లున్నాయి! పక్కనే ఓ పెద్దావిడ నాలుగేళ్ల మనవడిని కూర్చోబెట్టుకుని వాడి ముంజేతి మీద బాల్‌పెన్నుతో ఏదో రాస్తోంది. చక్కిలిగింతలు పుట్టి వాడు మెలికలు తిరిగిపోతున్నాడు.

‘ఏం రాస్తున్నారమ్మా?’ అని అడిగా.

‘వీళ్ల నాన్న ఫోన్ నంబరు నాయనా. ఇంతమంది జనంలో తప్పిపోతే ఎట్లా?’ అంది.

వాళ్లిద్దరి తలల పైన, స్తంభం మీద ఓ కెమెరా అటే చూస్తోంది.

నిజానికి నేను వచ్చింది ఆ కెమెరా కోసమే. కారణం చెప్పాలంటే మా అపార్ట్‌మెంట్ సంగతి చెప్పాలి. ఆమధ్య ఓ రాత్రి సెల్లార్లో పెట్టిన నా బైకు పోయింది. ‘కంగారుపడకండి, కెమెరా ఉందిగా’ అన్నారు అందరూ. టీవీ ముందు చేరాం. రెండూ పదికి బూడిదరంగు ఆకారం ఒకటి నడిచొచ్చింది. బండి తాళం విరగ్గొట్టింది. తాపీగా తోసుకుంటూ వెళ్లిపోయింది. మొహం ఉండాల్సినచోట తెల్లటి మరక! కేసు రాసుకోవడానికి వచ్చిన కానిస్టేబుల్ ఒకే మాటన్నాడు. ‘ఎవరో వచ్చారని తెలుస్తోంది సార్. ఎవరొచ్చారో తెలియడం లేదు.’

పోయింది బైకు కాబట్టి సరిపోయింది. అదే బిడ్డయితే?

మైకు పిలుపు

తిరుమలలో ఒక్క పూట ఉన్నవాళ్లకైనా ఆ మైకు గుర్తుంటుంది. తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో... ఫలానా ఊరి నుంచి వచ్చిన ఫలానావారు ఎక్కడున్నా ఫలానా చోటుకి రావాలంటూ. మామూలు రోజుల్లోనే 60, 70 వేల మంది దర్శనం చేసుకునే కొండ ఇది. ఇక్కడ ఎవరికి ఎవరూ తెలియదు. మన పల్లెలో కొత్త మనిషి కనబడితే అరుగు మీది తాత ‘ఎవురబ్బా నువ్వు?’ అని అడుగుతాడు. కొండమీద అందరూ కొత్తవాళ్లే. అడిగే తాత పని కెమెరా చేయాలి.

తిరుపతిలో భద్రత అన్న మాట బరువెక్కింది 2003 అక్టోబరు 1 తర్వాతే. బ్రహ్మోత్సవాల్లో పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళ్తున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి వాహనశ్రేణిపై అలిపిరి దగ్గరే క్లెమోర్ మైన్లు పేలాయి. ఆ తర్వాత తనిఖీలు పెరిగాయి, కెమెరాలూ పెరిగాయి. అయితే మామూలు కుటుంబాలకు వాటి విలువ తెలిసింది మాత్రం పసిపిల్లల కేసుల్లో.

2017 జూన్. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన కుటుంబం కొండమీద నిద్రపోతుండగా ఏడాది నిండని బాబు మాయమయ్యాడు. సీసీ కెమెరాల్లో ఒక జంట బిడ్డను ఎత్తుకెళ్లడం కనిపించింది. ఆ దృశ్యాలు టీవీల్లో, పేపర్లలో వచ్చాయి. బాబు చివరికి తమిళనాడులోని నామక్కల్‌లో దొరికాడు. 2018 డిసెంబరు చివర్లో మహారాష్ట్ర కుటుంబానికి చెందిన పదహారు నెలల పిల్లవాడిని తిరుమలలోనే ఎత్తుకెళ్లారు. ఆసారీ కెమెరా చిత్రాలే ఊళ్లు దాటి వెళ్లాయి. బిడ్డ మహారాష్ట్రలోని మాహూర్‌లో దొరికాడు.

రెండు కేసుల్లోనూ ఆధారం ఒకటే. ‘ఎవరో ఎత్తుకెళ్లారు’ అన్న మాట కాదు, ‘ఇదిగో, వీళ్లు’ అని చూపించగల బొమ్మ.

2023 మార్చి 1 నుంచి తిరుమలలో మొహాన్ని గుర్తుపట్టే కెమెరాలను కూడా వాడటం మొదలుపెట్టారు. గదుల కేటాయింపు, లడ్డూలు, టోకెన్లు లేని సర్వదర్శనం దగ్గర. ఒకే మనిషి మళ్లీమళ్లీ వచ్చి గదులు తీసుకుని దళారీగా అమ్ముకోకుండా అన్నమాట. ఇదీ మొహం పనే!

చిరుతకీ చిరునామా

మెట్లదారిలో నరసింహస్వామి గుడి దగ్గరికొచ్చేసరికి నడక దానంతటదే నెమ్మదిస్తుంది. 2023 ఆగస్టు 11 రాత్రి ఈ దారిలోనే ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకెళ్లింది. అంతకు రెండు నెలల ముందు ఒక బాబు మీదా దాడి జరిగింది. వాడు బతికి బయటపడ్డాడు. పాప మాత్రం దక్కలేదు. ఆ తర్వాత పిల్లలతో మధ్యాహ్నం రెండు దాటాక నడవకూడదన్నారు. భక్తుల చేతికి కర్రలిచ్చారు. అటవీశాఖ దారి పొడవునా ట్రాప్ కెమెరాలు కట్టింది.

ఈ కెమెరా చెట్టుకు కట్టిన చిన్న పెట్టె. వేడి ఉన్న ఒళ్లు ముందు కదిలితేనే మేలుకుంటుంది. చీకట్లో కంటికి కనపడని పరారుణ కాంతితో ఫొటో తీస్తుంది. చిరుత ఒంటిమీది మచ్చలు మన వేలిముద్రల్లాంటివి. ఏ రెండు చిరుతలకూ ఒకేలా ఉండవు. ఫొటో స్పష్టంగా ఉంటే నిన్న వచ్చిందీ ఇవాళ వచ్చిందీ ఒకటేనా, వేర్వేరా అన్నది తేలుతుంది. అది తేలితే బోను ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. అడవిలోనూ అదే ప్రశ్న. వచ్చింది ఎవరు?

కెమెరా పుట్టినిల్లు

కొండ దిగి రేణిగుంట విమానాశ్రయం దాటి ఏర్పేడు మండలం వైపు వెళ్తే వికృతమాల. ఒకప్పుడు ముళ్లచెట్ల బీడు. ఇప్పుడు శ్రీవెంకటేశ్వర మొబైల్ అండ్ ఎలక్ట్రానిక్స్ తయారీ కేంద్రం. మన వీధిలో ఏ కొట్టు ముందు చూసినా కనిపించే సీపీ ప్లస్ కెమెరాలుంటాయే, ఆ బ్రాండ్ యజమాని ఆదిత్య ఇన్ఫోటెక్, డిక్సన్ టెక్నాలజీస్‌తో కలిసి 2017లో ఇక్కడే తయారీ మొదలుపెట్టింది. తర్వాత కడప పక్కన కొప్పర్తిలో ఇంకా పెద్ద ప్లాంటు వచ్చింది. 2024లో డిక్సన్ ఈ ఉమ్మడి సంస్థలో తన సగం వాటాను ఆదిత్య ఇన్ఫోటెక్‌కు ఇచ్చేసి, బదులుగా ఆ కంపెనీలో వాటా తీసుకుంది. అంటే దేశంలో ఎన్నో ఊళ్లను చూస్తున్న కళ్లు మన రాయలసీమలో తెరుచుకున్నవే!

సీమలో తయారీకి ఇంకో కారణంగానూ విలువ పెరిగింది. కెమెరా ఇంటర్నెట్‌కు కలిశాక అది కిటికీ లాంటిది. మనం బయటికి చూడొచ్చు, బయటివాడు లోపలికీ చూడొచ్చు. అందుకే 2025 ఏప్రిల్ 9 నుంచి దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో భద్రతా పరీక్షలను కేంద్రం తప్పనిసరి చేసింది.

బజారు వీధి పాఠం

తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు. దారిలో చంద్రగిరి కోట. కొండ గుట్టల మీద బురుజులు చూస్తే నవ్వొచ్చింది. విజయనగర రాజులకు అవే సీసీ కెమెరాలు! కాకపోతే అక్కడ కాపలావాడు నిద్రపోకూడదు.

చిత్తూరు బజారు వీధి పక్క సందులో కెమెరాలు బిగించే ఓ కుర్రాడి కొట్టు ఉంది. ‘రా సామీ, కూసో’ అంటూ స్టూలు లాగాడు. నా బైకు కథ విని తల ఊపాడు.

‘ఉండే కెమెరా పనిచెయ్యలేదని కాదు సామీ. మొగం తెలియాల! మొగం తెలియకపోతే కెమెరా ఉండీ ఏం లాభం?’

నాలుగేళ్ల క్రితం సంపర్క్ క్రాంతి ఎక్కి ఢిల్లీ వెళ్లొచ్చాడట, సెక్యూరిటీ పరికరాల ప్రదర్శన చూడటానికి. మనకి పుస్తకాల పండగ ఎలాగో ఈ వ్యాపారంలో వాళ్లకి అవి అలాగ. ఢిల్లీ ప్రాంతంలో ఇఫ్సెక్ ఇండియా, ముంబయిలో సెక్యూటెక్, దుబాయ్‌లో ఇంటర్‌సెక్, అమెరికాలో లాస్ వెగాస్‌లో ఐఎస్‌సీ వెస్ట్. పక్కపక్కనే రెండు టీవీలు పెట్టి, ఒకదాంట్లో పాత కెమెరా బొమ్మ, రెండోదాంట్లో హెచ్‌డీ బొమ్మ చూపిస్తారు. చీకటి పెట్టెలో రంగుల బొమ్మలుంచి ‘మా కెమెరా చీకట్లోనూ రంగు చూస్తుంది’ అంటారు.

‘అక్కడ అందురూ రాత్రిని పగలు చేసేవాళ్లే సామీ. నేను మాత్రం ఒకటే అడిగినా, ఎంత దూరంలో మొగం తెలుస్తాది అని.’

ఆ ప్రశ్నకు లెక్క ఉంది. బొమ్మ అంటే చుక్కల ముగ్గు. పాత తరం డీవీఆర్ బొమ్మలో 704 అడ్డ చుక్కలు, 576 నిలువు చుక్కలు. మొత్తం నాలుగు లక్షలు. ఫుల్ హెచ్‌డీలో 1,920, 1,080... ఇరవై లక్షలకు పైనే. కొత్త మనిషి మొహాన్ని గుర్తుపట్టాలంటే కెమెరా చూసే వెడల్పులో ప్రతి మీటరుకూ 250 చుక్కలుండాలని అంతర్జాతీయ ప్రమాణం. మనిషి ఉన్నాడని తెలియడానికైతే 25 చాలు. అంటే పాత కెమెరా మూడు మీటర్లలోపు వెడల్పుకే మొహం పట్టగలదు. ఒక గుమ్మం అంత. ఫుల్ హెచ్‌డీ అయితే ఏడున్నర మీటర్లు. ఒక చిన్న వీధంత. మా సెల్లార్ వెడల్పు పన్నెండు మీటర్లు. ఒకే పాత కెమెరాతో మొత్తం చూడాలనుకున్నాం. కానిస్టేబుల్ మాట అప్పుడు అర్థమైంది!

మరి ఇన్నాళ్లూ చిన్న ఊళ్లు ఎందుకు మారలేదు? వైర్ల వల్ల. ఇంటర్నెట్ తరహా కెమెరాలకు గోడలు తొలిచి కొత్త కేబుల్ లాగాలి. 2012లో చైనాకు చెందిన దహువా కంపెనీ హెచ్‌డీసీవీఐ అనే పద్ధతి తెచ్చింది. ఆ వెనకే టీవీఐ, ఏహెచ్‌డీ వచ్చాయి. పాత కోయాక్స్ వైరు మీదే హెచ్‌డీ బొమ్మ వస్తుంది. కెమెరా, డీవీఆర్ మారిస్తే చాలు. గోడకు సుత్తి తగలక్కర్లేదు. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె లాంటి ఊళ్లలో కొట్లకూ కల్యాణమండపాలకూ అది అందివచ్చింది. వందమందికి పైగా చేరే చోట్ల కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 30 రోజులు దాచాలని 2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది కూడా.

‘చట్టం కోసం పెట్టుకునేవాళ్లు అగ్గువది అడుగుతారు. దొంగతనం జరిగినాక వచ్చేవాళ్లు మంచిది అడుగుతారు’ అని నవ్వాడతను.

గేటు దగ్గర మనిషి

తిరిగొస్తూ తిరుపతి బైరాగిపట్టెడలో ఆగాను. పద్మావతి పార్కు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం ఇక్కడ వేలమంది వేచి ఉన్నారు. గేటు తెరవగానే ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఆరుగురు ప్రాణాలు పోయాయి.

ఆ ఏడాది సెప్టెంబరు 25న తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కృత్రిమ మేధతో పనిచేసే కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. క్యూలో ఎంతమంది ఉన్నారో అది లెక్కగడుతుంది. ఎక్కడ రద్దీ పెరుగుతోందో ముందే చెబుతుంది. తప్పిపోయిన వాళ్లను వెతకడానికీ సాయపడుతుంది. మంచిదే. అయితే తెర మీద ఎర్ర గుర్తు వెలిగాక గేటు దగ్గర నిలబడి, తొందరపడకుండా తెరిచేది మనిషే. కెమెరా మొహాన్ని చూపించగలదు, చెయ్యి పట్టుకోలేదు.

చిత్తూరులో బయల్దేరేటప్పుడు ఆ కుర్రాడు కొట్టు కట్టేస్తున్నాడు. మర్నాడు కూతురికి పుట్టువెంట్రుకలు, కుటుంబమంతా కొండకి వెళ్తున్నారట. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, జేబులో పెన్ను తీసి దాని చేతిమీద నంబరు రాస్తున్నాడు.

‘అన్ని కెమెరాలు ఉండాయి కదప్పా?’ అన్నాను, అతని యాసలోనే.

‘ఉండనీ సామీ’ అన్నాడు, తలెత్తకుండా. ‘మన జాగర్త మనది.’

కెమెరాలు మార్చే ముందు...

* మొదట మొహం తెలియాల్సిన చోట్లు రెండు ఎంచుకోండి. గేటు, మెట్ల మొదలు. అక్కడ కెమెరా మరీ ఎత్తులో వద్దు. నడినెత్తి కనిపిస్తుంది తప్ప మొహం కనిపించదు.

* పాత కోయాక్స్ వైరు బాగుంటే కెమెరాలు, డీవీఆర్ మారిస్తే సరిపోతుంది. తుప్పుపట్టిన జాయింట్లు మాత్రం మార్పించండి.

* హెచ్‌డీకి చోటు ఎక్కువ కావాలి. సెకనుకు 4 మెగాబిట్ల రికార్డింగ్ అయితే ఒక్కో కెమెరాకు రోజుకు 43 జీబీ. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కు ఆరు రోజులైనా పూర్తిగా రాదు. హెచ్.265 పద్ధతి ఉంటే సుమారు రెట్టింపు రోజులు వస్తుంది.

* పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చండి. పక్కింటి పెరడు మీ తెరలో కనిపించకుండా కెమెరా తిప్పండి.

* నెలకోసారి పాత రికార్డింగ్ తీసి చూడండి. రాత్రి బొమ్మలో మీ మొహం మీకే తెలియకపోతే, దొంగ మొహం ఎవరికీ తెలియదు!