తాళం తిప్పితే పచ్చలైటు వెలగలేదు



2020లో లాక్‌డౌన్ వల్ల మా బండి పెదకూరపాడులో ఇంటి పక్క కొట్టంలో రెండు నెలలకు పైగా కదలకుండా ఉంది. జూన్ 8 నుంచి మందిరాలు తెరుచుకోవచ్చన్నారు. ముందు పాటిబండ్లలో మంచాన ఉన్న మామ్మగారిని చూసి రావాలనుకున్నాం. "ఎప్పుడొస్తారయ్యగారూ?" అని ఆమె ఫోనులో అడుగుతూనే ఉన్నారు.

తాళం తిప్పాం. పచ్చలైటు లేదు, హారన్ లేదు. కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పెట్టింది. బ్యాటరీ పోయిందని మేమే తీర్మానించి, ఇంట్లో ఉన్న డబ్బు పెట్టి కొత్తది తెచ్చి బిగించాం. (ఆ నెలల్లో కానుకలు ఎక్కడివి?) అయినా లైటు రాలేదు!

మెకానిక్ తమ్ముడు నవ్వాడు. "బ్యాటరీ దిగిపోతే మామూలుగా లైటు మసగ్గానైనా వెలుగుద్ది అయ్యగారూ. బొత్తిగా ఏమీ లేదంటే ముందు ఫ్యూజు, తీగలు చూడాలి."

ఫ్యూజు బాగానే ఉంది. ట్యాంకు ఎత్తితే, కొట్టంలో మిగిలిన పత్తితో ఎలుక కట్టుకున్న గూడు! ఫ్యూజు నుంచి తాళం దగ్గరికి పోయే తీగను కొరికేసింది. ఆ తమ్ముడు తెగిన కొసలు గీకి, కలిపి, టేపు చుట్టాడు. పావుగంట పని.

పొద్దు వాలే వేళకు పాటిబండ్ల చేరాం. మామ్మగారు హారన్ గుర్తుపట్టి, మంచం మీద లేచి కూర్చున్నారు.

పాత బ్యాటరీ అంటారా? ఛార్జింగు పెడితే ఇంకో ఏడాది పనిచేసింది.