మెడలో గొట్టం, వణుకుతో జ్వరం

మా కారంచేడు వైపు రోగులు కొందరు మెడలో గొట్టంతో డయాలిసిస్‌కు వెళ్ళివస్తుంటారు. “డాక్టరుగారూ, దీనికి చీము పడుతుందా?” అని అడుగుతారు. చీము మాట అటుంచండి. గొట్టం కొన గుండె దగ్గర ఉంటుంది. దానిగుండా సూక్ష్మజీవులు రక్తంలో చేరితే ప్రాణం మీదికే వస్తుంది.

ఎవరికి ముప్పెక్కువో ముందే కొంత చెప్పవచ్చు. గొట్టం ఉన్న రోజులు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. మధుమేహం ఉన్నా, ఇదివరకు ఇలాంటి ఇన్‌ఫెక్షన్ వచ్చివున్నా మరింత జాగ్రత్త. గజ్జలో పెట్టిన గొట్టాన్ని ఎక్కువ రోజులు నమ్మరాదు. ఇక కట్టు తడవనిచ్చేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు!

డయాలిసిస్ మొదలైన కాసేపటికి వణుకు పుట్టి జ్వరం వచ్చిందా? మలేరియా అనుకుని మాత్ర మింగి ఇంటికి రాకండి. గొట్టం చుట్టూ చర్మం శుభ్రంగా కనిపించినా సరే, వెంటనే అక్కడే చెప్పండి. యాంటీబయాటిక్ ఇవ్వకముందే కల్చర్ పరీక్షకు రక్తం తీయాలి.

చేతి రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్ చేయించుకోమంటే “పొగాకు అమ్మాక చూద్దాం లెండి” అనేవారున్నారు. ఆపరేషనయ్యాక అది పనికి రావటానికే నెలన్నర నుంచి మూడు నెలలు పడుతుంది. అన్నాళ్ళూ గొట్టం మెడలోనే. ఈలోగా ఆ చేతికి సూది గుచ్చనివ్వకండి, బి.పి. పట్టీ కట్టనివ్వకండి.