గుత్తి సాలీడు... అల్లుడుగారి గాజు పెట్టె

సాలెపురుగు కనబడితే మన చెయ్యి ముందు చీపురు మీదికే పోతుంది. అవునంటారా, కాదంటారా? అలాంటిదాన్ని డబ్బు పోసి కొని, గాజు పెట్టెలో పెట్టి, పేరు పెట్టి పెంచుకునేవాళ్లు ఉన్నారంటే మీరు నమ్ముతారా? చెప్పొద్దూ, మా అమ్మాయికి పురుడు పొయ్యడానికి అమెరికా వెళ్లేదాకా నేనూ నమ్మలేదు.

మా అల్లుడుగారు అరచెయ్యంత సాలీళ్లు మూడింటిని పెంచుతున్నారు. వీటిని టారంటులాలంటారు. రేపు ఉయ్యాల వెయ్యాల్సిన గదిలోనే ఆ పెట్టెలు! అల్లుడితో సూటిగా అనలేం కదా, అమ్మాయి చెవిన వేశాను. "నేను చెప్పి చెప్పి విసిగిపోయాను, నువ్వే అడుగమ్మా" అంది.

భోజనాల దగ్గర మెల్లగా కదిపాను. "ఇవి మీ వైపువే అత్తయ్యా, గుత్తివి" అన్నారాయన నవ్వుతూ. మా పుట్టిల్లు గుంతకల్లు. గుత్తి కోట ఎక్కాను గానీ ఆ ఊరి పేరుతో ఒక సాలీడు ఉందని ఎవరూ చెప్పలేదు!

సంగతేమిటంటే, గుత్తిలో దొరికిన ఈ సాలీడు గురించి 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు మొదట రాశాడు. తర్వాత నూట రెండేళ్లపాటు శాస్త్రజ్ఞుల కంటపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో, పెద్ద చెట్ల తొర్రల్లో మళ్లీ కనిపించింది. ఆనాడు కలప మోసే రైల్లో గుత్తికి చేరి ఉంటుందని ఊహ.

అల్లుడుగారి మూడూ ఒకే గుడ్ల సంచిలో పుట్టినవే. అయినా ఒకటి నెమలి కంఠంలా నీలం, ఒకటి మసక నీలం, మూడోది బూడిద రంగు. వీపు మీది తెల్ల చారలు కూడా, ఇంటింటి ముగ్గులా, దేనివి దానివే. "మూడూ వేరే వేరే జాతులా బాబూ?" అన్నాను. ఆయన ఓ నోటుబుక్కు తెచ్చారు. ఏది ఎప్పుడు కుబుసం విడిచిందీ అందులో తేదీలతో సహా ఉంది. పసితనంలో రంగు వెలిసినట్టుంటుందట. కుబుసం విడిచినకొద్దీ నీలం తేరుతుంది. మళ్లీ విడిచే ముందు మసకబారుతుంది. మగది ఈడేరితే నీలం తగ్గిపోతుంది. ఆడది 11, 12 ఏళ్లు బతుకుతుంది, మగదానికి 3, 4 ఏళ్లే. "ఈ బూడిదది మగది అత్తయ్యా, ఇంకెన్నాళ్లో ఉండదు" అన్నారు దిగులుగా. అసలు ఆ నీలం అద్దిన రంగు కాదట. వెంట్రుకల్లోని కంటికానని సన్నటి పొరలు వెలుగును తిప్పి పంపడం వల్ల వచ్చేది. నెమలి ఈకలోనూ ఇంతే.

చీరల కొట్టువాడు అంచు కాస్త మారిస్తే కొత్త పేరు పెట్టి ధర పెంచడూ? సాలీళ్ల బేరంలోనూ ఆ తంతు ఉంటుందట. చార కాస్త తేడాగా ఉందని కొత్త రకమనుకుని మోసపోకూడదు. అందుకే ఆ నోటుబుక్కు.

ఇంతకీ నా బెంగ నాకుంది. కరిస్తే ఏమవుతుందని అడిగేశాను. ఆయన దాచలేదు. మనిషి చనిపోయినట్టు రుజువు లేదు గానీ, కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయట. "పెద్దవాళ్లకే అలాగైతే పసిగుడ్డు మాటేమిటి బాబూ? పారెయ్యమనను, గది మార్చండి" అన్నాను. ఆ రాత్రే పెట్టెలు ఆయన ఆఫీసు గదికి చేరాయి, మూతలకు తాళాలతో సహా.

గాజు పెట్టెల్లో ఇంత వైభోగమా! మన అడవిలో మాత్రం ఇవి 100 చదరపు కిలోమీటర్ల లోపు జాగాలోనే ఉన్నాయని లెక్క. కలపకూ వంటచెరకుకూ చెట్లు పోతుంటే తొర్రలెక్కడివి? 2008లో దీన్ని అంతరించే ప్రమాదం బాగా ఎక్కువున్న వాటిలో చేర్చారు. 2019లో దేశాల మధ్య వీటి వ్యాపారం మీద అదుపు పెట్టారు.

మీ పిల్లలో, అల్లుళ్లో ఇలాంటి సరదా పడితే కంగారుపడి కేకలెయ్యకండి. రెండే ప్రశ్నలు అడగండి. అడవిలో పట్టిందా, పెట్టెలో పుట్టిందా? మూతకు తాళం ఉందా? రెండింటికీ సరైన జవాబు వచ్చేదాకా గుమ్మం దాటనివ్వకండి!